ఫోన్‌లో ఉన్న స్తోత్రం మనకి వచ్చినట్టేనా?



ఈ వారం వీడియోలో కంప్యూటర్లు, ఫోన్లు మన చదువునీ సంస్కృతినీ ఎలా మారుస్తున్నాయో మాట్లాడుకున్నాం. పన్నెండు నిమిషాల్లో అన్నీ చెప్పలేకపోయాను. మిగిలినవి ఇక్కడ రాస్తున్నా. వీడియో చూడనివాళ్ళకి కూడా ఇది విడిగా అర్థమవుతుంది.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు, అందుకే వీడియోలో లేదు.

పోయిన కార్తీకంలో మా నాయనమ్మని హాస్పిటల్‌లో చేర్చాం. ఐసీయూ. రోజుకి ఒక్కరినే, అదీ ఐదు నిమిషాలే లోపలికి పంపేవారు. ఫోన్ బయట ఇచ్చేసి వెళ్ళాలి. రెండో రోజు నా వంతు వచ్చింది. మొహానికి ఆక్సిజన్ మాస్కు. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తి, "సహస్రనామం చదువు నాన్నా" అంది. మాస్కు లోపలినుంచి మాట సరిగ్గా రాలేదు కానీ నాకు అర్థమైంది.

విష్ణు సహస్రనామం మన ఛానెల్లో ఉంది. ఆ వీడియో ఎడిట్ చేసింది నేనే. ప్రతి నామానికీ అక్షరాలు తెరమీద ఎప్పుడు రావాలో సెకన్లు లెక్కబెట్టి మరీ పెట్టాను. నా ఫోన్‌లో మూడు రకాల ఆడియోలు, రెండు పీడీఎఫ్‌లు ఉన్నాయి. అంత చేసినవాడిని, ఆ మంచం పక్కన నిలబడి మొదలుపెడితే మొదటి శ్లోకం వచ్చింది, రెండోది వచ్చింది, మూడో శ్లోకం సగంలో ఆగిపోయింది. ఇక రాలేదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టా. మళ్ళీ అక్కడే ఆగింది.

నాయనమ్మ పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టి విన్నా. నేను మర్చిపోయిన పాదం అందిస్తోంది. ఐదో తరగతి వరకే చదువుకున్న మనిషి, ఆక్సిజన్ మీద ఉండి, నాకు అందిస్తోంది.

ఐదు నిమిషాలు అయిపోయాయని నర్సు పిలిచింది. బయటికొచ్చి ఫోన్ తీసుకున్నాను. అందులో వెయ్యి నామాలూ భద్రంగా ఉన్నాయి. నా దగ్గర మాత్రం మూడు శ్లోకాలు కూడా లేవు.

అప్పటినుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: దాచుకోవడానికీ, ధరించడానికీ తేడా ఏంటి? మన పెద్దలు జ్ఞాపకశక్తిని "ధారణ" అన్నారు. ధరించడం అంటే ఒంటిమీద మోయడం. బట్టలు బీరువాలో ఉంటే ధరించినట్టు కాదు కదా.

ముందు మంచి చెప్పుకుందాం

ఇది చదివి "టెక్నాలజీ వల్లే అంతా పాడైపోయింది" అంటున్నాననుకోవద్దు. అలా అనడం కృతఘ్నత అవుతుంది.

పోతన భాగవతం సంగతే చూడండి. ఆయన రాసిన ప్రతిలో కొన్ని భాగాలు శిథిలమైపోయాయని సంప్రదాయం చెబుతుంది. అందుకే ఇప్పుడు మనం చదివే తెలుగు భాగవతంలో ఐదో స్కంధం గంగన, ఆరో స్కంధం సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు నారయ పూరించినవి. అంత మహాకవి రాసినదానికి ఆ గతి పట్టింది. తాటాకు మీద గంటంతో రాసిన పుస్తకానికి నిప్పు, నీరు, చెదపురుగు, అన్నీ శత్రువులే. ప్రతి కొన్ని తరాలకీ ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ కొత్త ఆకుల మీద రాసుకుంటేనే పుస్తకం బతికేది.

ఇప్పుడదే భాగవతం తెలుగు వికీసోర్స్‌లో ఉంది. డాలస్‌లో ఉన్న అమ్మాయి, సిడ్నీలో ఉన్న అబ్బాయి, అమీర్‌పేట హాస్టల్లో ఉన్న కుర్రాడు ఒకే రాత్రి గజేంద్ర మోక్షం తెరిచి చదువుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. ఒకప్పుడు ఒక పుస్తకం కోసం పక్క ఊరిదాకా నడిచి వెళ్ళి, అక్కడే కూర్చుని రాసుకుని వచ్చిన పండితులున్నారు. వాళ్ళు చూస్తే మనల్ని ఎంత అదృష్టవంతులనుకుంటారో!

ఈ సదుపాయం వెనక చాలామంది కష్టం ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటు దొరికింది. అందులో మన లిపికి 128 స్థానాలున్న ఒక గడి కేటాయించారు. అయినా అది అందరి కంప్యూటర్లలోకీ రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోపు ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపించేవి. అలా పాత ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్ళు ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో, ఆఫీసుల్లో తెరుచుకోకుండా పడి ఉన్నాయి. అంటే కంప్యూటర్‌కి కూడా చెదలు పడుతుంది, దాని పేరు వేరు, అంతే. ఎంత గొప్ప డబ్బాలో దాచినా, మధ్యమధ్యలో ఎవరో ఒకరు తీసి, దులిపి, కొత్త డబ్బాలోకి మార్చాల్సిందే.

రాగిరేకులు చెప్పే పాఠం

సరే, చెదపురుగు తినలేనిదాని మీద రాస్తే? మన తెలుగువాళ్ళు అదీ చేసి చూశారు.

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) 32 వేల సంకీర్తనలు పాడారని ప్రసిద్ధి. ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. తర్వాత కాలం మారింది, లోకం వాటిని దాదాపు మర్చిపోయింది. 20వ శతాబ్దం మొదటి భాగంలో మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు కూర్చుని ఆ రేకులు చదివి పరిష్కరించారు. 32 వేలలో సగం కూడా దక్కలేదు. అయినా దక్కినవి వేలల్లో ఉన్నాయి.

ఇక్కడే అసలు విషయం. రేకుల మీద సాహిత్యం ఉంది. ఏ రాగమో ఆ పేరు ఉంది. కానీ ఆ పాటని అన్నమయ్య ఎలా పాడారో, ఆ వరస చాలావాటికి తెలియదు. స్వరం రాసిపెట్టలేదు, పాడేవాళ్ళ పరంపర తెగిపోయింది. నాలుగు వందల ఏళ్ళు రాగి మాటని కాపాడింది, పాటని మాత్రం కాపాడలేకపోయింది. అందుకే రాళ్ళపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటి విద్వాంసులు మళ్ళీ కొత్తగా వరసలు కట్టాల్సి వచ్చింది. ఈరోజు మనం వింటున్న అన్నమయ్య కీర్తనల్లో చాలావాటి మాట 15వ శతాబ్దానిది, బాణీ 20వ శతాబ్దానిది.

మన క్లౌడ్ స్టోరేజీ కూడా ఒక పెద్ద సంకీర్తన భాండారమే అనుకోండి. అందులో ఈసారి స్వరం కూడా రికార్డ్ అవుతుంది, నిజమే. కానీ భాండారం ఎంత నిండినా, తలుపు తీసి పాడేవాడు లేకపోతే అది మూసిన గదే.

గొంతులో నిలిచినది

దీనికి పూర్తిగా రెండో వైపు వేదం. దాన్ని "శ్రుతి" అన్నారు, అంటే విన్నది. రాతప్రతులున్నా ప్రమాణం మాత్రం గురువుగారి గొంతే. గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు చెప్పాలి. దీన్నే సంత చెప్పుకోవడం అంటారు. అలా వేల ఏళ్ళుగా మాటతోపాటు ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం కూడా నిలిచాయి. 2003లో యునెస్కో ఈ వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి మౌఖిక వారసత్వంలో విశిష్టమైనదిగా ప్రకటించింది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది బాగా నచ్చుతుంది, చూడండి. మామూలుగా చదివితే పదాలు ఒకటి, రెండు, మూడు అని వరసగా వస్తాయి. క్రమపాఠంలో ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అని జతలుగా చదువుతారు. జటలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. ఘనలో ఇంకో మెట్టు పైకి: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. ఇలా మంత్రం మొత్తం. ఎక్కడైనా ఒక పదం జారినా, ముందువెనకలైనా, వెంటనే పట్టుబడిపోతుంది.

డేటా ఒక చోటినుంచి ఇంకో చోటికి పంపేటప్పుడు దారిలో తప్పు దొర్లిందేమో చూసుకోవడానికి చెక్‌సమ్ అని అదనంగా కొంత కలుపుతారు కదా, అవసరం అదే. "అప్పుడే మన ఋషులకి కంప్యూటర్ తెలుసు" అని నేను అనను. దయచేసి మీరూ అలా షేర్ చేయకండి. నేను చెప్పేది చిన్న మాట: దాచే పరికరం మనిషే అయినప్పుడు, ఆ మనిషిని ఎంత గట్టిగా తయారుచేయాలో వాళ్ళు ఆలోచించారు. మనం ఫోన్‌కి మెమరీ పెంచుకుంటూ వచ్చాం, మన మెమరీ సంగతి వదిలేశాం.

మరి రాత సంగతి?

మన వీడియోల కింద కామెంట్లు చదువుతుంటాను. నూటికి తొంభై ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగే. భక్తికి లిపితో పని లేదు, ఒప్పుకుంటా. కానీ ఒక్క ఉదాహరణ చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో కె-ఏ-ఎల్-ఐ అని కొడితే అది "కాళి" కావచ్చు, "కలి" కావచ్చు, "కాలి" కావచ్చు. ఒకటి అమ్మవారు. ఒకటి కలిపురుషుడు. ఇంకొకటి కాలి గోరు, కాలి పట్టీల్లోని కాలి! చదివేవాళ్ళు సందర్భం బట్టి సర్దుకుంటారు సరే, కానీ అదే లిపిలో స్తోత్రం నేర్చుకునే పిల్లవాడికి ళ, ణ, ష ఎక్కడ వస్తాయో ఎలా తెలుస్తుంది? దీర్ఘం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

అక్షరం, స్వరం మారితే ఏమవుతుందో చెప్పడానికి మన పెద్దలు త్వష్ట కథ చెప్పేవారు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట యాగం చేశాడు. మంత్రంలో "ఇంద్రశత్రువు" అన్న మాట ఉంది. ఒక స్వరంతో పలికితే "ఇంద్రుణ్ణి చంపేవాడు". స్వరం మారితే "ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు". పలకడంలో స్వరం తప్పింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. మనం కామెంట్ తప్పు రాస్తే ఏ ప్రమాదమూ రాదులెండి! కానీ మాట పట్ల వాళ్ళకి ఎంత శ్రద్ధ ఉండేదో చూడండి.

పైగా ఇప్పుడు సాకు కూడా లేదు. ఫోన్ కీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలే కొట్టినా తెలుగు లిపి వస్తుంది. కంప్యూటర్ తెచ్చిన సమస్యకి కంప్యూటరే మందిచ్చింది, వేసుకోవాల్సింది మనమే.

రాత గురించి ఇంకో కథ మీ అందరికీ తెలుసు. వ్యాసులవారు భారతం చెబుతుంటే రాయడానికి గణపతి ఒప్పుకున్నాడు, కానీ ఘంటం ఆగకూడదని షరతు పెట్టాడు. వ్యాసులవారు తిరిగి ఇంకో షరతు పెట్టారు: అర్థం కాకుండా ఏదీ రాయకూడదు. చిన్నప్పుడు ఇది ఇద్దరు తెలివైనవాళ్ళ సరదా పోటీలా అనిపించేది. ఈమధ్యే దాని బరువు తెలిసింది.

దానం మీద ఒక వీడియో చేస్తూ, ఒక ఏఐ యాప్‌ని శ్లోకం అడిగాను. క్షణంలో ఇచ్చింది. ఛందస్సు ఉన్నట్టే ఉంది, కింద పర్వం పేరు, అధ్యాయం నంబరు కూడా వేసింది. తెరమీద పెట్టడానికి స్లైడ్ తయారుచేసేశాను. ఎందుకో మనసు ఒప్పక, ఇంట్లో ఉన్న అచ్చు పుస్తకం తీసి ఆ అధ్యాయం మొత్తం వెతికాను. లేదు. పక్క అధ్యాయాలూ చూశాను, లేదు. అది అల్లేసిన శ్లోకం. ఇంకో గంట ఆగి ఉంటే నా చేతులమీదుగా అది వ్యాసుడి మాటగా మీ ఫోన్లలోకి వచ్చేది. అక్కణ్ణుంచి వాట్సాప్ గ్రూపులకి, అక్కణ్ణుంచి ఎక్కడికో.

ఆ యాప్‌కి గణపతి వేగం ఉంది. వ్యాసుల షరతు లేదు. ఆ షరతు మనం పెట్టుకోవాలి: నాకు అర్థం కానిది నేను రాయను, నేను సరిచూడనిది ముందుకి పంపను.

"అవతార్" అన్న మాట ఎటు వెళ్ళింది?

వర్చువల్ లోకాల గురించి ఒక్క మాట. గేముల్లో, ఆన్‌లైన్ లోకాల్లో మన బొమ్మని "అవతార్" అంటారు కదా, అది మన మాటే. 1985లో వచ్చిన అల్టిమా 4 అనే గేమ్‌లో, 1986 నాటి హ్యాబిటాట్ అనే ఆన్‌లైన్ లోకంలో ఈ పదం వాడారు. 1992లో నీల్ స్టీఫెన్‌సన్ రాసిన స్నో క్రాష్ అనే నవల దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది.

మన దగ్గర అవతారం అంటే దిగిరావడం. వైకుంఠం వదిలి, నేలమీద పుట్టి, ఆకలి, అలసట, ఏడుపు అన్నీ పడటం. రాముడు అడవిలో నిజంగా నడిచాడు. గేమ్‌లో అవతార్ దీనికి తిరగబడిన దారి. మనం నేలమీద కూర్చుని, ఒళ్ళు కదలకుండా, బొమ్మని పంపిస్తాం. దెబ్బ తగిలితే దానికే, గెలిస్తే దానికే.

హెడ్‌సెట్ పెట్టుకుని ఆలయ దర్శనం చేసే సౌకర్యాలూ వస్తున్నాయి. నడవలేని పెద్దవాళ్ళకి, దూరదేశంలో ఉన్నవాళ్ళకి అది వరం. నేను వద్దనను. నాకు కాళ్ళు బాగానే ఉండి, గుడి మా వీధి చివరే ఉండి, నేను మంచం మీదే హెడ్‌సెట్ పెట్టుకుంటే మాత్రం నన్ను నేను అడుగుకోవాలి: దేవుడే దిగివచ్చాడని చెప్పే ధర్మంలో పుట్టి, నేను మంచం దిగలేనా?

చదువుకి కూడా ఇదే వర్తిస్తుంది. తెరమీద ఉన్న శ్లోకం మనలోకి దిగాలి. కంటినుంచి నోటికి, నోటినుంచి గుండెకి. అది దిగేదాకా అది ఫోన్‌దే, మనది కాదు.

ఇప్పుడు మేమేం చేస్తున్నామంటే

నాయనమ్మ ఇంటికొచ్చింది. ఆవిడ రాజమండ్రిలో, నేను హైదరాబాద్‌లో. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాల్‌లో నాకు సహస్రనామం చెబుతోంది. ఫోన్ పెట్టిపోయేది మా చిన్నాన్న కూతురు.

మొదటిరోజు ఇద్దరం కలిసి చదవబోయాం. కుదరలేదు. నెట్‌లో ఆవిడ గొంతు కొంచెం ఆలస్యంగా వస్తుంది, నా గొంతు అక్కడికి ఇంకొంచెం ఆలస్యంగా వెళ్తుంది. ఇద్దరం ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నట్టు అయింది. "ఒరేయ్, ఇలా కాదు గానీ నేను చెప్తా, నువ్వు రెండుసార్లు చెప్పు" అంది. అంటే సంత! వేల ఏళ్ళ పద్ధతి ఇంటర్నెట్ ఆలస్యానికి కూడా అతికినట్టు సరిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఆవిడకి ఎందుకో అర్థం కాలేదు.

రోజుకి ఒకటే శ్లోకం. ముందురోజుది అప్పజెప్పకపోతే కొత్తది చెప్పదు. నూరు పైచిలుకు శ్లోకాల్లో ఇప్పటికి నలభై ఒకటి వచ్చాయి. నా దగ్గరున్న మంచి హెడ్‌ఫోన్లు, ఆవిడ దగ్గరున్న పాత ఫోన్, మధ్యలో నాలుగొందల కిలోమీటర్లు. కంప్యూటర్ లేకపోతే ఇది జరిగేది కాదు. ఆవిడ లేకపోతే కంప్యూటర్ ఉండీ ఉపయోగం లేదు.

మీరు కూడా ఈ వారం మూడు చిన్న పనులు చేయండి.

ఒకటి: మీ ఫోన్‌లో సేవ్ చేసుకున్న స్తోత్రాల్లోంచి ఒకే ఒక్క శ్లోకం ఎంచుకోండి. ఏడు రోజులూ అదే. ఎనిమిదో రోజు ఫోన్ పక్క గదిలో పెట్టి, చూడకుండా చెప్పండి.

రెండు: ఆ శ్లోకాన్ని తెలుగు లిపిలో చేత్తో ఒకసారి రాయండి. ప్రతి మాట కింద అర్థం రాసుకోండి. అర్థం తెలియని మాట దగ్గర కలం ఆపండి. అది వ్యాసులవారి షరతు.

మూడు: మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఏదో ఒకటి నోటికి వచ్చే ఉంటుంది. శతక పద్యమో, మంగళహారతో, గొబ్బిపాటో. ఫోన్ చేసి అడగండి. రికార్డ్ చేసుకోండి, తప్పకుండా చేసుకోండి. కానీ రికార్డ్ చేసి ఊరుకోకండి. "నాకు నేర్పు" అని అడగండి. ఆ మాట కోసం వాళ్ళు ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తున్నారో మనకి తెలియదు.

ఈ రాత్రి నాకు నలభై రెండో శ్లోకం. నిన్నటిది ఇంకా ఒకచోట తడబడుతోంది, ఎనిమిదిన్నరలోపు సరిచేసుకోవాలి.

వచ్చేవారం కలుద్దాం. శుభం భూయాత్.